సిరాబొట్టు విలువ

పాఠ్యభాగ ఉద్దేశం

వెడల్పైన ముద్రణ యంత్రాలపై సిరానూ, ముద్రణ వస్త్రాన్నీ పొదుపుగా వాడే పద్ధతులను వివరించడం, పొదుపుకూ పిసినారితనానికీ గల భేదాన్ని తెలియజేయడం, అక్షరశుద్ధికీ ఆర్థిక లాభానికీ ఉన్న సంబంధాన్ని విద్యార్థులు గుర్తించేటట్లు చేయడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పూర్వం మన లేఖకులు తాళపత్రాలపై గంటంతో అక్షరాలు గీసేవారు. ఆ తరువాత ఆకు మీద మసి పూసి తుడిచివేసేవారు. గంటం చేసిన గాట్లలో మాత్రమే మసి నిలిచి, అక్షరం నల్లగా కనిపించేది. ఆకును ఎండబెట్టి, పదునుచేసి, నునుపుదేల్చి, ఒకే కొలతకు కత్తిరించి సిద్ధపరచడం ఎంతో శ్రమతో కూడిన పని. అందువల్లనే వారు మాటకూ మాటకూ నడుమ ఖాళీ విడువకుండా, ఈ అంచు నుండి ఆ అంచు వరకు పంక్తులు నింపేవారు. అది లోభం కాదు. శ్రమించి సంపాదించిన వస్తువు పట్ల చూపిన గౌరవం.

ఆ తాళపత్రం వెడల్పు కొద్ది అంగుళాలు మాత్రమే. నేడు అదే తెలుగు అక్షరం పది అడుగుల వెడల్పు గల ఫ్లెక్సీ మీద నిలువెత్తున నిలబడుతున్నది. గంటం స్థానంలో యంత్రం వచ్చింది. మసి స్థానంలో నాలుగు రంగుల సిరా వచ్చింది. వేగం పెరిగింది, వెడల్పు పెరిగింది. వాటితోపాటు వృథా కూడా పెరిగింది. ఈ వృథాను ఎలా అరికట్టవచ్చునో తెలుసుకోవడం ముద్రణవృత్తిలో ఉన్నవారికే కాక, వస్తువినియోగంలో వివేకం కోరుకొనే ప్రతివారికీ అవసరం.

బేగంబజారు – బోర్డుల లోకం

హైదరాబాదులోని బేగంబజారు పేరుపొందిన టోకు వ్యాపారకేంద్రం. ఆసఫ్‌జాహీ వంశానికి చెందిన ఒక బేగం వర్తకులకు ఇచ్చిన స్థలం కావడం వల్ల దీనికి ఆ పేరు వచ్చిందని చెబుతారు. ఇత్తడి, స్టీలు పాత్రలు, ఎండుఫలాలు, సుగంధద్రవ్యాలు, పూజాసామగ్రి మొదలైనవి ఇక్కడి ఇరుకు వీధుల్లో రాశులుగా కనిపిస్తాయి. దీనికి ఒక ప్రక్క అఫ్జల్‌గంజ్, మూసీనది. మరొక ప్రక్క ఆబిడ్స్, నాంపల్లి. 1938లో మొదలైన నుమాయిష్ అనే పారిశ్రామిక ప్రదర్శన ఏటా జనవరిలో నాంపల్లి ప్రదర్శన మైదానంలోనే ప్రారంభమవుతుంది. చేరువలోని ధూల్‌పేట వినాయక విగ్రహాలకు ప్రసిద్ధి. ఇన్ని దుకాణాలు, ఇన్ని ఉత్సవాలు ఉన్నచోట పేరు పలకలకూ, ప్రకటనలకూ, స్వాగత తోరణాలకూ కొదువ ఉండదు.

ఒకప్పుడు ఈ పనులన్నీ కుంచె పట్టిన చిత్రకారుల చేతి మీద జరిగేవి. వారు ముందుగా గుడ్డను బిగించి, సుద్దతో గీతలు గీసి, అక్షరాల కొలత సరిచూసుకొన్న తరువాతనే రంగుడబ్బా మూత తెరిచేవారు. 2000 తరువాతి సంవత్సరాల్లో ఫ్లెక్సీ ముద్రణ వేగంగా వ్యాపించి, ఎందరో చిత్రకారుల జీవనోపాధిని దెబ్బతీసింది. కొందరు వృత్తి మానుకొన్నారు. కొందరు కంప్యూటరు నేర్చుకొని అదే వీధిలో రూపకల్పన చేసేవారుగా మారారు. కుంచె పోయినా, ఆ కుంచె నేర్పిన క్రమశిక్షణ పోకూడదు. ముందు కొలత, తరువాత రంగు అన్నదే ఆ క్రమశిక్షణ.

యంత్రం పనిచేసే తీరు

ఎక్కడ పొదుపు చేయాలో తెలియాలంటే, ఎక్కడ ఖర్చవుతున్నదో ముందు తెలియాలి. ఫ్లెక్సీ అంటే పాలిస్టరు దారాల అల్లికకు రెండు వైపులా పి.వి.సి. ప్లాస్టిక్ పూత పూసిన వస్త్రం. ఇది మూడు అడుగులు మొదలు పది అడుగుల వరకు వివిధ వెడల్పుల్లో చుట్టలుగా దొరుకుతుంది. వాడుకలో దీనిని రోలు అంటారు.

యంత్రంలోని ముద్రణశిరస్సును వృత్తిలోనివారు హెడ్ అంటారు. అది వస్త్రం మీద అడ్డంగా అటూ ఇటూ పరుగెడుతూ సిరాను చుక్కలు చుక్కలుగా చిమ్ముతుంది. విద్యుత్తు సోకినప్పుడు కొన్ని స్ఫటికాల ఆకారం స్వల్పంగా మారుతుంది. క్యూరీ సోదరులు 1880లో కనుగొన్న పీడన విద్యుత్తుకు ఇది మరొక పార్శ్వం. ఈ కదలికే సిరాను సూక్ష్మరంధ్రాల గుండా బయటికి నెట్టుతుంది. ఆ చుక్కను పికోలీటర్లలో కొలుస్తారు. పికోలీటరు అంటే లీటరులో లక్ష కోట్ల వంతు. నీలి, గులాబి, పసుపు, నలుపు అనే నాలుగు రంగుల చుక్కల కలయికతోనే మనకు కనిపించే వర్ణాలన్నీ ఏర్పడతాయి. చుక్క ఎంత చిన్నదైనా కోట్లకొలది చుక్కలు కలిసినప్పుడు సీసాలు ఖాళీ అవుతాయి.

ముద్రణశాలలు సాధారణంగా చదరపు అడుగుకు ఇంత అని వెల కడతాయి. కొనుగోలుదారు తనకు అందిన బ్యానరు విస్తీర్ణానికే డబ్బు చెల్లిస్తాడు. కత్తిరించి పారవేసిన ముక్కకూ, చెడిపోయి మళ్ళీ వేసిన ప్రతికీ అయ్యే ఖర్చు ముద్రణశాలదే. పోటీ వల్ల వెల పెంచుకోలేని చిన్న దుకాణానికి పొదుపు ఒక సద్గుణం మాత్రమే కాదు, నిలబడడానికి ఆధారం.

కొలతలో ఒద్దిక

పొదుపులో మొదటి మెట్టు అమరిక. ఒక సంఘం వారు 4 అడుగుల వెడల్పు, 6 అడుగుల పొడవు గల బ్యానర్లు ఐదు కోరారనుకొందాం. దుకాణంలో 10 అడుగుల వెడల్పు రోలు ఉంది. ఆలోచించకుండా రెండేసి బ్యానర్లను ప్రక్కప్రక్కన పెడితే వరుసకు 8 అడుగులు నిండి, 2 అడుగులు మిగిలిపోతాయి. ఐదు బ్యానర్లకు మూడు వరుసలు కావాలి. అంటే 18 అడుగుల పొడవు, 180 చదరపు అడుగుల వస్త్రం ఖర్చవుతుంది. ఇందులో బ్యానర్లు 120 చదరపు అడుగులే. తక్కిన 60 చదరపు అడుగులు ముక్కలపాలు.

అదే పనిని మరొక విధంగా చూద్దాం. రోలు వెడల్పును 4 అడుగులు, 6 అడుగులుగా విభజించాలి. 4 అడుగుల పట్టీలో బ్యానర్లను నిలువుగా రెండు, 6 అడుగుల పట్టీలో అడ్డంగా త్రిప్పి మూడు పెట్టాలి. రెండు పట్టీలూ 12 అడుగుల పొడవు దగ్గర సరిగా ముగుస్తాయి. అయిన వస్త్రం 120 చదరపు అడుగులు. లెక్క తేలికగా ఉండడానికి ఇక్కడ అంచుల ఖాళీని విడిచిపెట్టాము. యంత్రం వస్త్రాన్ని పట్టుకోవడానికీ, కత్తిరించడానికీ కొంత అంచు అవసరం. కనుక కొనుగోలుదారు సమ్మతితో ఒకటి రెండు అంగుళాలు తగ్గించుకొంటే ఈ ఒద్దిక కుదురుతుంది. బ్యానరుకు కంతలు వేయవలసి ఉన్నా, కర్ర దూర్చడానికి మడత పెట్టవలసి ఉన్నా ఆ కొలతను కూడా ముందే కలుపుకోవాలి.

రెండవది, పనులను కలపడం. ఒక్కొక్క పనికి ముందు రోలును ఒక అడుగు ముందుకు జరిపి వదిలివేసే అలవాటు ఉన్నదనుకొందాం. 10 అడుగుల రోలుపై అది 10 చదరపు అడుగులు. రోజుకు ఎనిమిది పనులైతే 80. నెలకు 25 పనిదినాలైతే 2000 చదరపు అడుగులు. అంటే 200 అడుగుల పొడవు. 50 మీటర్ల రోలు పొడవు 164 అడుగులే కదా! చేతిలోని పనులను పోగుచేసి, ఒకే వస్త్రం మీద వేయదగిన వాటిని ఒకేసారి వేస్తే ఈ నష్టంలో అధికభాగం తప్పుతుంది. చిన్న పనికి చిన్న వెడల్పు రోలు వాడడం కూడా ఇటువంటి వివేకమే.

చూపుకు తగిన స్పష్టత

పుస్తకాన్ని అడుగు దూరంలో పెట్టుకొని చదువుతాము. రహదారి కూడలిలోని ప్రకటనను వంద అడుగుల దూరం నుండి చూస్తాము. రెండింటికీ ఒకే స్పష్టత అవసరం లేదు. ఆరోగ్యవంతమైన కన్ను సుమారు మూడున్నర మీటర్ల దూరంలో ఒక మిల్లీమీటరు ఎడంగా ఉన్న రెండు చుక్కలను విడివిడిగా గుర్తించగలదు. దూరం పదింతలైతే, ఆ ఎడం కూడా పదింతలు కావాలి. అందువల్ల ఎత్తున కట్టే బ్యానరుపై చుక్కలను అతి దట్టంగా చిమ్మించడం చూపుకు అందని సొగసు కోసం సిరానూ, కాలాన్నీ ధారపోయడమే. నుమాయిష్‌లోని అంగడి లోపల చేతికందే దూరంలో పెట్టే ధరలపట్టికకు అధిక స్పష్టత కావాలి; వీధికి అడ్డంగా కట్టే స్వాగతబ్యానరుకు మధ్యరకం చాలు. ‘ఎవరు, ఎంత దూరం నుండి చూస్తారు?’ అన్న ఒక్క ప్రశ్న అడిగిన తరువాతనే యంత్రానికి ఆజ్ఞ ఇవ్వాలి.

రంగుల కూర్పులో నేర్పు

సిరా పొదుపు యంత్రం దగ్గర కాక, రూపకల్పన చేసే బల్ల దగ్గరే మొదలవుతుంది. తెల్లని వస్త్రంపై ముదురు అక్షరాలు వేస్తే సిరా అక్షరాలకే ఖర్చవుతుంది. ముదురు రంగు నేపథ్యంలో తెల్ల అక్షరాలు వేస్తే అక్షరాలు తప్ప తక్కిన వస్త్రమంతా సిరా త్రాగుతుంది. తెలుపును ముద్రించనక్కర లేదు. అది వస్త్రం ఉచితంగా ఇచ్చే రంగు.

బూడిద రంగును రెండు విధాలుగా సాధించవచ్చు. నీలి, గులాబి, పసుపు రంగులను 50 శాతం చొప్పున కలిపితే సుమారుగా బూడిద రంగు వస్తుంది. అప్పుడు మొత్తం సిరా 150 శాతం. నలుపు ఒక్కదానితోనే సాధిస్తే అది ఎన్నడూ 100 శాతాన్ని మించదు. మూడు రంగుల్లోని ఈ ఉమ్మడి బూడిదభాగాన్ని గుర్తించి, దాని స్థానంలో నలుపును చేర్చే ఏర్పాటు ముద్రణ సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. అట్లే నాలుగు రంగులూ నిండుగా పడితే మొత్తం 400 శాతం అవుతుంది. అంత సిరాను ఫ్లెక్సీ భరించలేదు. తడి ఆరదు, రోలు చుట్టగానే పొరలు ఒకదానికొకటి అంటుకొని పనంతా చెడిపోతుంది. వస్త్రానికి తగినట్లు మొత్తం సిరాకు ఒక హద్దు నిర్ణయించడం ఇందుకే.

అయితే పొదుపుకూ ఒక హద్దు ఉంది. సిరా మరీ పలుచగా పడితే ఎండకు త్వరగా వెలిసిపోతుంది. పెద్ద నల్లని నేపథ్యం ఒక్క నలుపుతో వెలవెలబోతే, దానికి కొంత నీలి తోడు చేయవలసి వస్తుంది. వెలిసిపోయిన బ్యానరును మళ్ళీ వేయవలసి వచ్చినప్పుడు మొదట మిగిల్చినదానికన్నా ఎక్కువే పోతుంది. అవసరమైనచోట తగ్గించడం పిసినారితనం. అనవసరమైనచోట మానుకోవడం పొదుపు.

యంత్రసంరక్షణ

సిరాలోని ద్రావణి త్వరగా ఆవిరవుతుంది. బ్యానరు త్వరగా ఆరడానికి కారణమైన ఈ గుణమే, యంత్రం ఊరకున్నప్పుడు సూక్ష్మరంధ్రాలు పూడుకొనిపోవడానికీ కారణం. రంధ్రం పూడితే ముద్రణలో తెల్లగీతలు పడతాయి. అప్పుడు హెడ్‌ను శుభ్రం చేయడానికి సిరానే చిమ్మించాలి. ఆ సిరా అంతా వ్యర్థపు సీసాలో చేరుతుంది. కనుక ప్రతి పెద్దపనికి ముందు చేతి వెడల్పంత పరీక్షాముద్రణ తీసి, రంధ్రాలన్నీ పనిచేస్తున్నవో లేదో చూడాలి. చిన్న లోపం కనిపించిన వెంటనే ఆ రంగు వరకే శుద్ధి చేయాలి. కారణం వెదకకుండా శుద్ధి మీట పదేపదే నొక్కడం జబ్బు తెలియక మందు మింగడం వంటిది.

రోలును వంకరగా ఎక్కిస్తే పది అడుగులు నడిచేసరికి ముద్రణ అంచు దాటుతుంది. వస్త్రం జరిగే కొలత సరిగా లేకపోతే అడ్డచారలు పడతాయి. ముడత లేచినచోట హెడ్ రాచుకొని వస్త్రమూ, హెడ్ రెండూ దెబ్బతింటాయి. ఎక్కించేటప్పుడు రెండు నిమిషాలు నిలిచి సరిచూస్తే ఈ మూడింటినీ నివారించవచ్చు. మధ్యలో విద్యుత్తు ఆగితే సగం ముద్రించిన బ్యానరు చెత్తబుట్ట పాలవుతుంది. విద్యుత్తును నిలిపి ఉంచే సాధనం ఆ నష్టాన్ని కాపాడుతుంది. రోలును దుమ్ము పడకుండా కప్పి ఉంచడం, సిరాసీసాలను గడువు తేదీ చూసి ముందు వచ్చినదానిని ముందు వాడడం కూడా మరువరాదు.

అక్షరశుద్ధి

ముద్రణశాలలో సిరానూ, వస్త్రాన్నీ ఒక్కసారిగా మింగే శత్రువు మరొకటి ఉంది. అది అక్షరదోషం. ‘హార్దిక శుభాకాంక్షలు’ అనవలసిన చోట ‘హార్ధిక శుభకాంక్షలు’ అని పడినదనుకొందాం. శుభ, ఆకాంక్షలు అనే రెండు పదాల కలయికలో సవర్ణదీర్ఘసంధి వల్ల దీర్ఘం వస్తుందని తెలిసినవాడు ఆ తప్పు చేయడు. ఒక్క దీర్ఘం తప్పినందుకు 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల బ్యానరు మళ్ళీ వేయవలసి వస్తే, 200 చదరపు అడుగుల వస్త్రమూ దాని సిరా అంతా దండుగ. వ్యాకరణం పరీక్ష మార్కుల కోసమేనని అనుకొనేవారు ఈ లెక్కను ఒకసారి వేసి చూడాలి.

తెలుగుకు మరొక ప్రత్యేక చిక్కు కూడా ఉంది. ముద్రణరంగంలో చాలాకాలంగా వాడుకలో ఉన్న అను మొదలైన అక్షరరూపాలు యూనికోడ్ పద్ధతికి భిన్నమైనవి. రూపకల్పన చేసిన కంప్యూటరులో ఉన్న అక్షరరూపం యంత్రం దగ్గరి కంప్యూటరులో లేకపోతే ఒత్తులు, గుణింతాలు తారుమారై, తెలుగు మాట గుర్తుపట్టరాని గీతలుగా మారుతుంది. అందువల్ల అనుభవం గలవారు అక్షరాలను గీతారూపాలుగా మార్చిన తరువాతనే యంత్రానికి పంపుతారు. అట్లా మార్చిన తరువాత అక్షరాలను దిద్దడం కష్టం. కనుక దిద్దుబాటు అంతకుముందే ముగియాలి. చిన్న కాగితంపై నమూనా తీసి, కొనుగోలుదారుచేత పేర్లు, తేదీలు, కొలతలు చదివించి సంతకం తీసుకోవడం ఉత్తమమైన ఆచారం. ‘అడుసు తొక్కనేల, కాలు కడగనేల’ అన్న సామెత ఈ సందర్భానికి చక్కగా సరిపోతుంది.

మిగులు – వ్యర్థం – బాధ్యత

ఎంత జాగ్రత్త వహించినా కొంత మిగులు తప్పదు. సన్నని పట్టీలు పరీక్షాముద్రణకూ, పేరుచీటీలకూ పనికివస్తాయి. పాత ఫ్లెక్సీలు సామాను కప్పడానికీ, గుడిసెపై వాననీరు దిగకుండా పరచడానికీ పునరుపయోగమవుతున్నాయి. ప్లాస్టిక్ పూత, దారాల అల్లిక ఒకదానితో ఒకటి అతుక్కొని ఉండడం వల్ల ఫ్లెక్సీని విడదీసి మళ్ళీ ముడిసరుకుగా మార్చడం సులభం కాదు. కాల్చడం మాత్రం ఎన్నటికీ చేయరాదు. పి.వి.సి. కాలినప్పుడు హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు, డయాక్సిన్లు అనే విషపదార్థాలు వెలువడతాయి. వ్యర్థపు సిరాను కాలువలో పోస్తే అది చివరకు చేరేది నదికే. ద్రావణి ఆవిరి ముందుగా సోకేది యంత్రం ప్రక్కన నిలబడి పనిచేసే కార్మికునికి. కనుక ముద్రణశాలలో గాలి బయటికిపోయే ఏర్పాటు తప్పనిసరి. సిరాను అదుపులో వాడడం అంటే అతని ఊపిరిని కాపాడడం కూడా.

కేంద్రప్రభుత్వం 2021లో సవరించిన ప్లాస్టిక్ వ్యర్థాల నియమాల ప్రకారం, 2022 జూలై 1 నుండి 100 మైక్రాన్ల కన్నా పలుచని ప్లాస్టిక్, పి.వి.సి. బ్యానర్లు నిషిద్ధమయ్యాయి. గుడ్డపై ముద్రణ, నీటి ఆధారంగా తయారయ్యే లేటెక్స్ సిరాలు వంటి ప్రత్యామ్నాయాలు అందుబాటులోకి వచ్చాయి. అయితే వస్తువు మారినంతమాత్రాన వృథా ఆగదు. వాడే మనిషి అలవాటు మారాలి. ఒక్కరోజు ఉత్సవం కోసం తేదీ వేసిన బ్యానరు మరునాటికి చెత్త అవుతుంది. తేదీ వేయకుండా ముద్రించిన స్వాగతబ్యానరు ఏటా తోరణమవుతుంది. అన్నిటికన్నా గొప్ప పొదుపు, అక్కరలేని బ్యానరును అసలు ముద్రించకపోవడమే.

తాళపత్రంపై మసి పూసిన లేఖకుడు, గుడ్డపై సుద్దగీత గీసిన చిత్రకారుడు, నేడు యంత్రం ముందు నిలిచిన యువకుడు ఒకే వృత్తికి వారసులు. సాధనాలు మారాయి కాని ధర్మం మారలేదు. మీట నొక్కడానికి ముందు ఒక్క క్షణం ఆగి కొలతను, రంగును, అక్షరాన్ని సరిచూసుకొనే యువకుని చేతిలో ప్రతి సిరాబొట్టూ సార్థకమవుతుంది.

కఠినపదాలు – అర్థాలు

గంటం : తాటియాకుపై వ్రాసే ఇనుప సాధనం
లేఖకుడు : వ్రాయసకాడు
లోభం : పిసినారితనం
కొదువ : తక్కువ, లోటు
ఒద్దిక : పొందిక, అమరిక
దండుగ : వ్యర్థమైన ఖర్చు
ద్రావణి : ఇతర పదార్థాన్ని తనలో కరిగించుకొనే ద్రవం
ప్రత్యామ్నాయం : ఒకదానికి బదులుగా ఉపయోగపడేది
సార్థకం : ప్రయోజనం కలది

వ్యాకరణాంశాలు

సంధులు
శుభాకాంక్షలు = శుభ + ఆకాంక్షలు – సవర్ణదీర్ఘసంధి
జీవనోపాధి = జీవన + ఉపాధి – గుణసంధి
ప్రత్యామ్నాయం = ప్రతి + ఆమ్నాయం – యణాదేశసంధి
పునరుపయోగం = పునః + ఉపయోగం – విసర్గసంధి

సమాసాలు
సిరాబొట్టు – సిరా యొక్క బొట్టు – షష్ఠీ తత్పురుష సమాసం
అక్షరదోషం – అక్షరమునందు దోషం – సప్తమీ తత్పురుష సమాసం
నాలుగు రంగులు – నాలుగు సంఖ్య గల రంగులు – ద్విగు సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. వెడల్పైన ముద్రణ యంత్రంపై సిరానూ, వస్త్రాన్నీ పొదుపు చేసే పద్ధతులను వివరించండి.
2. అక్షరశుద్ధికీ ఆర్థిక లాభానికీ గల సంబంధాన్ని పాఠం ఆధారంగా చర్చించండి.

ఆ) సంగ్రహ సమాధాన ప్రశ్నలు
1. ఐదు బ్యానర్ల ఉదాహరణలో 60 చదరపు అడుగుల వస్త్రం ఎలా మిగిలింది?
2. చూసే దూరాన్ని బట్టి స్పష్టతను ఎందుకు నిర్ణయించుకోవాలి?
3. ఫ్లెక్సీలను ఎందుకు కాల్చరాదు?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. తెలుపును ముద్రించనక్కర లేదు. అది వస్త్రం ఉచితంగా ఇచ్చే రంగు.
2. సాధనాలు మారాయి కాని ధర్మం మారలేదు.

ఈ) ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. పికోలీటరు అంటే ఎంత?
2. నుమాయిష్ ఏ సంవత్సరంలో మొదలైనది?
3. ఎంత మందం కన్నా పలుచని బ్యానర్లు 2022 జూలై 1 నుండి నిషిద్ధమయ్యాయి?

ఉ) అభ్యాసకృత్యం
మీ ఊరిలో కట్టిన ఐదు బ్యానర్లను పరిశీలించి, వాటిలోని అక్షరదోషాలను గుర్తించి, సరైన రూపాలను కారణాలతో వ్రాయండి.